సబ్బునీళ్లలో గాజు

అమ్మాయీ,

గుడారాల్లాంటి తేలికైన కప్పులు కట్టిన జర్మన్ ఆర్కిటెక్టు ఫ్రై ఒట్టో మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో. "ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చిందన్న కబురు చెవిన పడకుండానే ఆ మహనీయుడు కన్నుమూశారు" అని ముగించావు. ఆర్కిటెక్టులకు అదే పెద్ద బహుమతి కదా, నాకూ గొంతు పట్టేసింది. కానీ అది నిజం కాదమ్మా. ఆయన పోయింది 2015 మార్చి 9న, ప్రకటన వచ్చింది మర్నాడు, అంతవరకు సరే. బహుమతి వాళ్లు అంతకుముందే ఇంటికెళ్లి చెప్పొచ్చారు. నాలుగు కన్నీటి చుక్కల కోసం ముసలాయన విన్న మంచి మాట కాస్తా లాగేసుకున్నావు.

మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం కూడా మొత్తం ఆయన ఖాతాలో వేసేశావు. డిజైను గ్యుంటర్ బేనిష్ బృందానిది. ఒట్టో ఆ కప్పు దగ్గర సలహాదారు.

కుర్రతనంలో గ్లైడర్ల చట్రం మీద బిగించిన బట్టను గమనించాడన్న పేరా బాగుంది. ఆ తర్వాతే బిరుదుల వరద. ఒకటిన్నర పేజీ! సబ్బు పొరలకు మాత్రం ఒకే ఒక్క వాక్యం: "వినూత్న ప్రయోగాలు చేశారు." ఏం ప్రయోగాలు? నువ్వు చేసి చూశావా?

నేను నిన్న సాయంత్రం చేశాను. మనవరాలి ఇత్తడి గాజుకి అడ్డంగా దారం వదులుగా కట్టి, మధ్యలో చిన్న ఉచ్చు వేసి, సర్ఫ్ నీళ్లలో ముంచి తీశాను. గాజు నిండా పొర, అందులో వంకరటింకరగా ఉచ్చు. ఉచ్చు లోపలి పొరను అగ్గిపుల్లతో పొడిచానో లేదో, దారం టక్కున సున్నా చుట్టినట్టు బిగుసుకుంది. చుట్టూ ఉన్న పొర అన్ని వైపులా ఒకేలా లాగుతుంది మరి. అంచుల మధ్య వీలైనంత తక్కువ జాగాలో సర్దుకోవడం దాని గుణం. ఒట్టో ఆ ఆకారాలను ఫొటోలు తీసి, కొలిచి, గుడారాలకు రూపం తేల్చేవాడు. 1967లో మాంట్రియల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పోలో వేసిన గుడారానికి ముందు ప్రయోగంగా నిలబెట్టిన కట్టడమే తర్వాత స్టట్‌గార్ట్‌లో ఆయన సంస్థకు ఇల్లయింది.

మనిషి గురించి రాసేటప్పుడు ముందు అతని చేతుల్లో ఏముందో చూడు. నలభై ఏళ్లుగా నాది ఇదే గోల. "కష్టాలను అధిగమించారు" అన్నావు. ఏ కష్టం? ఫ్రాన్సులో షార్ట్ర్ ఊరి దగ్గర యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు ఆయనకు కట్టే పని అప్పగించారు, సామాను చూస్తే లేదు. అది చెప్పు. 1955లో జర్మనీలోని కాసెల్ ఉద్యాన ప్రదర్శనలో సంగీత వేదిక మీద గుడారం వేశాడు. ఆయనతో కలిసి పనిచేసింది పీటర్ స్ట్రోమయర్, గుడారాలు తయారుచేసే ఆయన. నీ వ్యాసంలో ఆ పేరే లేదు. ప్రొఫెసర్ పక్కన గుడారాలాయన నిలబడితే నామోషీనా?

నా తొలి వ్యాసం మా ఊరి షామియానాల ఆయన మీద. గుంజకు తాడు బిగించి, వేలితో మీటి, ఆ చప్పుడు విని "చాల్లే" అనేవాడు. సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కొట్టేసి, "స్ఫూర్తి లేదండీ" అన్నాడు. పైన "చెమటచుక్కల మహాకావ్యం" అని హెడ్డింగ్ పెట్టాడు. నాకొచ్చింది ఇరవై రూపాయలు, అదీ మనియార్డరు ఖర్చులు పోను. ఇప్పుడా స్ఫూర్తి పిచ్చి ఇంకా ముదిరింది.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అని అడిగావు. ముందు ఆ చివరి వాక్యం తీసెయ్. తర్వాత ఆ గాజు ప్రయోగం నువ్వూ చేసి చూడు. కుట్టుదారం వాడు, బిరుసు నైలాన్‌ది వద్దు, అది సులువుగా వంగదు.