‘రచయిత: చందమామ’ అని రాసిన అబ్బాయికి

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

నాయనా,

నీ వ్యాసం అందింది. పదహారు పేజీలు, ఒకవైపే రాసి, అంచు వదిలి పంపావు. దస్తూరి ముచ్చటగా ఉంది. ‘తోటి పాఠకులకు నేను చెప్పదలచిన పదిహేను నవలా పరంపరలు’ అన్న శీర్షిక చూసి సంతోషంగానే చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీలో ఆగిపోయాను. తోకచుక్క, శిథిలాలయం, యక్షపర్వతం అని మూడు పేర్లు వరుసగా రాసి, వాటి పక్కన ‘రచయిత: చందమామ’ అన్నావు. ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు కూడా వేశావు.

చందమామ పత్రిక నాయనా, మనిషి కాదు. ఆ సీరియళ్లు రాసిన మనిషి దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో ఆ పత్రికలో చేరి, యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, ఒకటి ముగియగానే మరొకటి ఎత్తుకుంటూ, ఇరవై ఏళ్ల పైచిలుకు పిల్లలను నెలనెలా ఎదురుచూసేలా చేశారు. బొమ్మ మూలన దాన్ని వేసిన చిత్రకారుడు ‘చిత్రా’ సంతకం ఉండేది. కథకు మాత్రం రచయిత పేరు ఉండేది కాదు. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు... నా ఈడువాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ పేర్లు చెబుతారు. వాళ్లను పుట్టించినవాడెవరో మాకు తెలియదు. నాకు తెలిసేసరికి నా తల నెరిసింది. ఒక్క ఉత్తరం ముక్క రాసి, ‘అయ్యా, మా బాల్యం మీరు పెట్టిన భిక్ష’ అని చెప్పుకుందామని ఎన్నోసార్లు అనుకుని, రేపు మాపు అంటూ గడిపేశాను. 2010లో ఆయన వెళ్లిపోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే నీ నాలుగో పేజీ చూడగానే కోపం వచ్చింది. నువ్వు ఈ కాలం పిల్లవాడివి, ఆ పేరు తెలుసుకోవడానికి నీకు అరగంట చాలు. ఆ అరగంట పెట్టలేదు.

ఏ పుస్తకం గురించి నలుగురికి చెప్పినా ముందు రాసినవాడి పేరు చెప్పు. కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు కదా. అచ్చులో పేరే లేకుండా అన్నేళ్లు రాసిన మనిషి గురించి చెప్పాను. ఇక నువ్వే ఆలోచించుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీ పదిహేను పేర్లలో నాకు తెలియనివి రెండే. మిగతావాటి గురించి నువ్వు రాసిన మాటలు ఆ పుస్తకాల అట్టల వెనక నేను ఎప్పుడో చదివాను. ‘ఉత్కంఠభరితం’, ‘ఆద్యంతం ఆసక్తికరం’, ‘ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి’. ఈ మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి. వాటిని చదివి ఒక్కరు కూడా లేచి వెళ్లి పుస్తకం తెచ్చుకోరు. కానీ పదకొండో పేజీలో, ఆరో పేరుకూ ఏడో పేరుకూ మధ్య, ఒక వాక్యం రాశావు: ‘మా నాన్న ఆదోనిలో జిన్నింగు మిల్లు రాత్రి డ్యూటీలో డిటెక్టివ్ యుగంధర్ నవల చదివి, పొద్దున ఇంటికొచ్చి చద్దన్నం తింటూ నాకు కథ చెప్పేవాడు, చివరి భాగం మాత్రం మర్నాటికి దాచేవాడు.’ ఆ తర్వాత మళ్లీ నక్షత్రాలు మొదలుపెట్టావు!

ఆ వాక్యం దగ్గర నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. దూదిపింజలు అంటిన చొక్కాతో కూర్చుని, కొమ్మూరి సాంబశివరావు రాసిన కథను కొడుకు కోసం ఆపి ఆపి చెప్పే తండ్రి నాకు కనిపించాడు. ఆ నవల ఇప్పుడు నాకు చదవాలని ఉంది. నీ నాలుగున్నర నక్షత్రాలు చేయలేని పని ఆ చద్దన్నం చేసింది. నచ్చిన పుస్తకాన్ని పంచుకోవడం అంటే నాకు తెలిసినంతవరకు ఇదొక్కటే. అది నీ చేతికి ఎవరి ద్వారా వచ్చింది, ఏ వేళప్పుడు చదివావు, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నావు, అది చెప్పు. కథ మంచిదో కాదో చదివేవాడు చూసుకుంటాడు.

నేను రచయితనైంది కూడా ఇలా పంచుకోవడంలోనే. ఎక్కడా చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

1971లో పెళ్లై ఈ ఊరు వచ్చాను. హంద్రీ ఒడ్డుకు దగ్గరగా ఒక సందు. పదకొండు ఇళ్లకు కలిపి ఒక్క వారపత్రిక. కొన్నవాళ్లింట్లో రెండు రోజులు, తర్వాత ఇంటికొక పూట. ఆ పత్రికలో ఒక సీరియల్ వచ్చేది. అందరూ చదివేశాక ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచడం నా పని. అంతా పూర్తయ్యాక బైండు చేయించుకోవాలని సందులో ఆడవాళ్లందరి కోరిక. తలా పావలా వేసుకున్నారు. తీరా పేజీలు సర్ది చూస్తే 27వ వారం లేదు. ఎవరింట్లోనో చింతపండు పొట్లం కట్టేశారు. బైండు చేసే ఆయన ‘పోనీలేమ్మా, ఒక్క వారమే కదా’ అన్నాడు. మేము ఒప్పుకోలేదు.

ఆ వారం మా పక్కింటి పిన్నమ్మకు బాగా గుర్తుంది. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతూ చెబుతుంటే, నేను గీతల కాగితాల మీద నీలిసిరాతో రాశాను. ఆరు పేజీలైంది. పేజీల కొలతకు కత్తిరించి, మైదా ఉడికించిన జిగురుతో అంటించి బైండుకు ఇచ్చాను. ఆ సంపుటం చేతులు మారుతూ పోయింది. ఎక్కడెక్కడో చదివినవాళ్లు నన్ను కలిసినప్పుడు ఒక సన్నివేశం గురించే చెప్పేవారు: కోడలు పొయ్యి దగ్గర నుంచి లేచి, గరిట కింద పెట్టి, అత్తగారితో ‘ఈ ఇంట్లో నా పేరుతో నన్ను పిలిచినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?’ అని అడగడం.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక బంధువుల ఇంట్లో ఆ పాత పత్రిక దొరికింది. ఆత్రంగా 27వ వారం తెరిచాను. ఆ మాట అందులో లేదు. అసలు రచనలో కోడలు మౌనంగా వడ్డిస్తుంది, అంతే. ఆ ప్రశ్న పిన్నమ్మది. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, తన ప్రశ్నను ఆ కోడలి నోట పెట్టింది. నేను దాన్ని కథ అనుకుని రాసుకున్నాను. సందులో అందరూ ఆవిడను ‘మూడో కోడలు’ అనేవారు. నేను పిన్నమ్మ అనేదాన్ని. ఆవిడ పేరేమిటో నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆ పత్రిక చేత్తో పట్టుకుని బంధువుల ఇంట్లోనే ఏడ్చాను. ఆ నెలలోనే నా మొదటి కథ రాశాను.

పదకొండో పేజీలో ఆ వాక్యాన్ని అలా వదిలేసి వెళ్లిపోయావని నాకు అంత కష్టంగా అనిపించడానికి కారణం ఇదే. మీ నాన్న చెప్పిన యుగంధర్, కొమ్మూరి రాసిన యుగంధర్ ఒక్కరే అయి ఉండరు. ఎక్కడ తేడా వచ్చిందో వెతుకు. నవల తెచ్చుకుని మళ్లీ చదువు, ఆయన చెప్పింది గుర్తు చేసుకుని పక్కన పెట్టు. నువ్వు రాయవలసిన వ్యాసం అది.

మర్నాటికి దాచిన చివరి భాగం సంగతి కూడా వదిలిపెట్టవద్దు. రాజ్‌విహార్ దగ్గర ఒకప్పుడు అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, రోజుకు పది పైసలు. డిటెక్టివ్ నవల తెరిస్తే మొదటి పేజీలోనే ఎవరో దుర్మార్గుడు పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. కొట్టాయన రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చుని, రబ్బరుతో ఆ పేర్లన్నీ చెరుపుతూ ఉండేవాడు. రేపు వచ్చే పాఠకుడి కోసం అంత శ్రద్ధ! నీ వ్యాసంలో మూడుచోట్ల ముగింపు బయటపెట్టావు. ఆ మూడూ చెరిపెయ్యి.

‘వరుస తప్పకుండా మొదటి భాగం నుంచే చదవాలి’ అని శాసించావు, అదీ నాకు నచ్చలేదు. విశ్వనాథ సత్యనారాయణ పురాణవైర గ్రంథమాలలో పన్నెండు నవలలున్నాయి. ‘భగవంతుని మీద పగ’తో మొదలుపెట్టి పన్నెండూ వరుసగా కొని చదివేవాళ్లు ఎందరుంటారు? మాకు ఏది దొరికితే అదే మొదటిది. నాకు దొరికింది మధ్యలోది, అట్ట కూడా లేనిది. అది చదివి ముందువాటి కోసం, వెనకవాటి కోసం ఊరంతా తిరిగాను. ఆ తిరుగుడు మీ తరానికి లేకుండా పోతుందేమోనని నా బెంగ. పరంపరలో నీకు ప్రాణమైన భాగమేదో అదే పాఠకుడికి ఇవ్వు. మిగతావి అతనే వెతుక్కుంటాడు.

ఏ పత్రికకు పంపితే వేస్తారని అడిగావు. ఈ మధ్య ఒకాయన ఫోన్ చేసి, ‘మేడమ్, మీకు నచ్చిన పది నవలలు, ఒక్కొక్కదానికి ముప్పై మాటలు, సాయంత్రానికల్లా’ అన్నాడు. ఇవ్వనన్నాను. సంవత్సరం చివర అందరూ జాబితాలు వేస్తున్నారు, కూరగాయల చీటీల్లాగా. నలభై ఏళ్ల కిందట వేరే రకం. 1984లో నా సీరియల్ నడుస్తుంటే, పాఠకుల ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయని, మరో ఎనిమిది వారాలు సాగదీయమన్నారు. కథ అయిపోయిందండీ అంటే వినలేదు. ఇంటి అద్దె గుర్తొచ్చి సాగదీశాను. పుస్తకంగా వేసుకున్నప్పుడు ఆ ఎనిమిది వారాలూ తీసేశాను. అయినా ఇప్పటికీ ఎవరో ఒకరు ‘చివర్లో కొంచెం లాగినట్టుందమ్మా’ అంటుంటారు.

పాఠకుడు అడగడం వేరు. షెర్లాక్ హోమ్స్‌ను 1893లో చంపేసిన ఆర్థర్ కానన్ డాయిల్, పదేళ్ల తర్వాత, 1903లో, అతన్ని మళ్లీ బతికించవలసి వచ్చింది. పాఠకులు వదల్లేదు. అంత ప్రేమ చూపించే జనాన్ని మన దగ్గర ఒక సభలో, నా ఎదుటే, ఒక విమర్శకుడు ‘సీరియళ్లు చదివే ఆడవాళ్ల వల్ల సాహిత్యం చెడిపోయింది’ అన్నాడు. నేను లేచి మా సందు గురించి చెప్పబోతే, సమయం లేదన్నారు. అప్పుడు చెప్పనివ్వలేదు కాబట్టి ఇప్పుడు నీకు ఇంత చెబుతున్నాను.

ఎవరిని చూసి నేర్చుకోవాలంటే మాలతీ చందూర్‌ను చూడు. స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు శీర్షికన ఆంగ్ల నవలలను పరిచయం చేసేవారు. ఇంగ్లీషు రాని నాలాంటివాళ్లు వేలమంది ఆవిడ చెప్పగా విన్నాం. ఎదురుగా కూర్చుని, ‘ఆ తర్వాత ఏమైందంటే’ అని చెబుతున్నట్టే ఉండేది. నువ్వూ అలా చెప్పగలవు. చద్దన్నం వాక్యం రాసినవాడికి చేతకాకపోవడం ఉండదు.

ఇంకొక్క సంగతి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. నీకు అప్పటికి ఊహ తెలిసి ఉంటే వినే ఉంటావు. రెండు రాత్రులు మిద్దె మీద ఉన్నాం. నీళ్లు తీశాక కిందికి వస్తే బీరువా తలుపు రాలేదు. లోపల పుస్తకాలు ఉబ్బి బిగుసుకుపోయాయి. గడ్డపారతో తెరిచాం. నాలుగు వందల పుస్తకాలు ఒకే ముద్ద. అట్టలు పట్టుకుంటే బురద జారింది, ఏది ఏ పుస్తకమో తెలియలేదు. ట్రాక్టరులో ఎత్తి పంపించేశాం. నాకు మిగిలినవి ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒకటీ వరద నాటికి ఇతరుల ఇళ్లలో ఉన్నవి. ఇచ్చిన పుస్తకం తిరిగి రాదని నన్ను ఎగతాళి చేసినవాళ్లున్నారు. నాకు ఇచ్చినవే తిరిగి వచ్చాయి.

ఆ బైండు సంపుటం అప్పుడు నంద్యాలలో ఒక నర్సమ్మ దగ్గర ఉంది. మరుసటి ఉగాదికి స్వయంగా తెచ్చి ఇచ్చింది. లోపలి అట్ట మీద చదివినవాళ్ల సంతకాలున్నాయి, రకరకాల సిరాల్లో. కొన్ని వేలిముద్రలు కూడా. చదవడం రాక ఎవరి చేతనో చదివించుకుని విన్నవాళ్లవి.

నీ వ్యాసం ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. పదకొండో పేజీలో ఆ వాక్యం కింద గీత గీశాను. ఆ ఒక్కటి ఉంచుకుని మిగతాది మళ్లీ రాయి. నాన్నగారిని అడిగి, ఆయనకు గుర్తున్నంతవరకు కథ మళ్లీ చెప్పించుకో. ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

సంపుటం బుధవారం ఆదోని బస్సులో మా తమ్ముడి కొడుకు తెచ్చి ఇస్తాడు. ఇంట్లో అందరూ చదివాక లోపలి అట్ట మీద పేర్లు రాయండి. మీ అమ్మగారు తన పేరు తానే రాయాలి. 27వ వారం దగ్గర కొంచెం జాగ్రత్త, జిగురు ఎండిపోయి కాగితాలు ఊడుతున్నాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి మనిషి