ఇంగ్లండ్‌లో జీపీ అపాయింట్‌మెంట్ దొరకలేదా? ముందు ఫార్మసీకి వెళ్ళండి

కొత్తగా ఇంగ్లండ్ వచ్చినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "గొంతు నొప్పి అని జీపీకి, అంటే మన ఏరియా డాక్టర్‌కి, ఫోన్ చేస్తే ఫార్మసీకి వెళ్ళమంటున్నారు, మమ్మల్ని వదిలించుకోవడానికేనా?" కాదండీ. వచ్చిన ఏడాది నాకూ అలాగే ఒళ్ళు మండింది. డాక్టర్ని అడిగితే మందుల షాపుకి పొమ్మంటారేమిటని పంతానికి పోయి, దగ్గుతో ఆరు రోజులు ఆగి మరీ జీపీని చూశాను. ఆయన చెప్పింది రెండే ముక్కలు: వైరస్, దానంతటదే తగ్గుతుంది. ఆ మాట ఫార్మసిస్ట్ మొదటి రోజే చెప్పేవాడు.

ఇక్కడ ఫార్మసిస్ట్ పని చీటీ చూసి డబ్బా తీసివ్వడంతో అయిపోదు. నాలుగేళ్ళ ఎంఫార్మ్ అనే ఫార్మసీ డిగ్రీ, ఆపైన ఏడాది శిక్షణ, రిజిస్ట్రేషన్ పరీక్ష అన్నీ అయ్యాకే ఆ కౌంటర్ వెనక్కి వస్తారు. 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండ్‌లో ఫార్మసీ ఫస్ట్ అని ఒక పద్ధతి నడుస్తోంది. సైనస్, గొంతు నొప్పి, పిల్లల చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటైగో అనే పుండ్లు, షింగిల్స్ అనే నీటి పొక్కుల జబ్బు, ఆడవాళ్ళ మూత్రంలో ఇన్ఫెక్షన్, ఈ ఏడింటికీ అవసరమైతే ఫార్మసిస్టే యాంటీబయాటిక్ లాంటి మందు కూడా ఇస్తారు, జీపీ చీటీ అక్కర్లేదు. దీనికి వయసు హద్దులున్నాయి, మూత్రం ఇన్ఫెక్షన్‌కైతే 16 నుంచి 64 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళకే, అదీ గర్భిణి కాకపోతేనే. హద్దు దాటితే ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెబుతారు. నలుగురి ముందూ చెప్పుకోలేని సమస్య అయితే మొహమాటపడకండి, లోపల చిన్న గది ఉంటుంది, విడిగా మాట్లాడాలి అంటే చాలు.

యాంటీబయాటిక్ ఇవ్వలేదని మాత్రం గొడవ పడొద్దు. అడగ్గానే ఇచ్చే షాపులకి అలవాటు పడి వచ్చాం కాబట్టి, ఇవ్వకపోతే పట్టించుకోలేదనిపిస్తుంది. గొంతు నొప్పుల్లో చాలావరకు వైరస్ వల్లే వస్తాయి, వాటి మీద ఆ మందు పనిచేయదు.

అన్నిటికంటే ముఖ్యం, సూట్‌కేసులో తెచ్చుకున్న మందులు. మా ఇంట్లోనే జరిగింది. మా ఆయన జ్వరానికి డోలో 650 వేసుకుంటూ, మధ్యలో వేడి నీళ్ళలో కలుపుకునే జలుబు పొడి తాగుతున్నారు. ఆ పొడిలోనూ పారాసిటమాలే ఉందని మాకు తెలీదు. దగ్గు మందు కొనబోతే ఫార్మసిస్ట్ "ఇంకేం వాడుతున్నారు" అని అడిగింది కాబట్టి బయటపడింది. పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, దాటితే దెబ్బ కాలేయానికి. డోలో, క్రోసిన్ అన్న పేర్లు ఇక్కడివాళ్ళకి తెలియవు, అందుకని స్ట్రిప్పే తీసుకెళ్ళి వెనక రాసున్న మందు పేరు చూపించండి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ కూడా ఉంటుంది, బీపీ మందులు వాడేవాళ్ళు అది అడక్కుండా వేసుకోకండి. ఆయుర్వేదం మాత్రలైనా సరే దాచకుండా చెప్పండి, వాళ్ళు తిట్టరు.

40 దాటినవాళ్ళకి చాలా ఫార్మసీల్లో బీపీ ఉచితంగా చూస్తారు. బీపీకో ఆస్తమాకో మొదటిసారి మందు మొదలుపెడితే, కొన్ని రోజుల తర్వాత ఎలా ఉందో, ఇబ్బందేమైనా ఉందో కనుక్కునే సర్వీసు కూడా ఉంది, అడిగితే చేర్చుకుంటారు.

మూడు నెలల్లోపు పాపకి జ్వరం 38 డిగ్రీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మాత్రం ఫార్మసీ చుట్టూ తిరగొద్దు, వెంటనే ప్రభుత్వ ఆరోగ్య హెల్ప్‌లైన్ 111కి ఫోన్ చేయండి. గుండెల్లో నొప్పి, ఊపిరి ఆడకపోవడం లాంటివైతే నేరుగా అంబులెన్స్ నంబర్ 999కి.

ఇక డబ్బుల సంగతి. వీసాకి హెల్త్ సర్‌చార్జ్ అని ఏడాదికి 1,035 పౌండ్లు కట్టించుకుని మళ్ళీ మందులకి వసూలేమిటని అందరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ వసూలు చేస్తారు. 2024 మే నుంచి ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ మీద ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ఆ బాధ లేదు. కొన్ని మామూలు మందులు చీటీ లేకుండా కొంటేనే చవక, డబ్బులిచ్చే ముందు "ఇది విడిగా కొంటే ఎంత" అని అడగండి, నిజం చెబుతారు.

షుగర్‌కి మందులు వాడేవాళ్ళకి, థైరాయిడ్ తక్కువై రోజూ మాత్ర వేసుకునేవాళ్ళకి అన్ని మందులూ ఉచితమే. ఒక్క బీపీకే అయితే ఆ సదుపాయం లేదు. అయితే జబ్బు ఉన్నంత మాత్రాన సరిపోదు, మందులకి డబ్బు కట్టక్కర్లేదని చెప్పే మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ చేతికి రావాలి. అది రాకముందే చీటీ మీద ఉచితం అని టిక్కు పెట్టేసి, తర్వాత ఇంటికి జరిమానా ఉత్తరం వస్తే టెన్షన్ పడినవాళ్ళు మనవాళ్ళలో చాలామందే ఉన్నారు. ఆ సర్టిఫికెట్‌కి ఎఫ్‌పీ92ఏ అనే ఫారం ఉంది, మీ సర్జరీలో అడగండి. సర్జరీ అంటే ఇక్కడ ఆపరేషన్ కాదు, జీపీ క్లినిక్కే.