పెద్ద మిత్రదేశంతో తగవు వస్తే చిన్న దేశం నెగ్గుకురాగలదా?

నాటోలో ఉన్న చిన్న దేశం అదే కూటమిలోని పెద్ద దేశంతో తగవు పడి నెగ్గుకురాగలదా అని అడుగుతూ, మీరు ఎస్టోనియాను ఉదాహరణగా చూపారు. నాకు కొంత దగ్గరగా తెలిసినది ఐస్‌లాండ్ సంగతి. ఆ దేశం బ్రిటన్ మీద మూడుసార్లు నెగ్గింది. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని హల్ నగరంలో వైద్యుడిగా పనిచేసిన రోజుల్లో ఆ చరిత్రను నేను ఓడిన పక్షం నోట విన్నాను. వైద్యానికి వచ్చే వృద్ధుల్లో ఒకప్పుడు ట్రాలర్ల (పెద్ద వలను ఈడ్చుకుపోయే చేపల ఓడల) మీద ఐస్‌లాండ్ జలాలకు వెళ్లినవారు ఉండేవారు. వారి మాటల్లో ఐస్‌లాండ్ మీద కంటే లండన్‌లోని సొంత ప్రభుత్వం మీదే కోపం ఎక్కువగా వినిపించేది.

తగవంతా కాడ్ చేప కోసం. ఎగుమతుల్లో సింహభాగం చేపలే అయిన ఐస్‌లాండ్, తన వేట హద్దును 1958లో 12 నాటికల్ మైళ్లకు, 1972లో 50కి, 1975లో 200కి పెంచుకుంటూ పోయింది. బ్రిటన్ ఒప్పుకోక తన ట్రాలర్లకు కాపలాగా యుద్ధనౌకలను పంపింది. సైన్యమే లేని ఐస్‌లాండ్ గస్తీ ఓడలతో ఎదురు నిలిచి, 1972 నుంచి ట్రాలర్ వెనుకగా సాగుతూ వలను లాగే ఉక్కు తాళ్లను తెంచే పరికరాన్ని వాడింది. ఆ తగవుల్లో పాల్గొన్న ఓదిన్ అనే ఓడ ఇప్పుడు ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ రేవులో ప్రదర్శనకు ఉంది. దాన్ని ఎక్కి చూసినవారెవరికైనా ఆ నావికుల ధైర్యం మీద గౌరవం కలుగుతుంది కాని, తెగిన వలల వల్లే బ్రిటన్ దిగివచ్చిందని నేను అనుకోను.

ఐస్‌లాండ్ అసలు బలం ఆ దేశంలోని కెఫ్లావిక్ సైనిక స్థావరంలో ఉంది. 1951 రక్షణ ఒప్పందం ప్రకారం రష్యా వాయవ్య కొనలోని కోలా ద్వీపకల్పం వైపు నుంచి అట్లాంటిక్‌లోకి దిగే సోవియట్ జలాంతర్గాములను అమెరికా అక్కడ ఉండి కనిపెట్టేది. 1976 ఫిబ్రవరి 19న ఐస్‌లాండ్ బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుని, నాటో నుంచి వైదొలగే మాట కూడా ఎత్తేసరికి, చేపల తగవు కాస్తా వాషింగ్టన్ తలనొప్పిగా మారింది. నాటో ప్రధాన కార్యదర్శి జోసెఫ్ లున్స్ మధ్యవర్తిత్వం నడిపారు. జూన్ 1న ఓస్లోలో కుదిరిన ఒప్పందం 200 మైళ్ల హద్దులో ఒకేసారి 24 బ్రిటిష్ ట్రాలర్లకు మించకుండా, అదీ ఆరు నెలల పాటు మాత్రమే అనుమతించింది. హల్ దూరసముద్రపు వేట ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. (సముద్ర చట్టం మీద జరుగుతున్న అంతర్జాతీయ చర్చలు కూడా అప్పటికే 200 మైళ్ల వైపు మొగ్గుతున్నాయి, బ్రిటన్ తానే 1977 జనవరి నుంచి అదే హద్దును ప్రకటించుకుంది.)

అయితే ఆ బలం శాశ్వతం కాదు. అమెరికా సేనలు 2006లో కెఫ్లావిక్‌ను ఖాళీ చేశాయి. రెండేళ్లకు ఐస్‌లాండ్ బ్యాంకులు కూలినప్పుడు, బ్రిటన్ ఉగ్రవాద నిరోధక చట్టాన్నే ఉపయోగించి వాటిలో ఒకటైన లాండ్స్‌బాంకి ఆస్తులను స్తంభింపజేసింది. ఆ బ్యాంకు నడిపిన ఐసేవ్ ఖాతాల్లో పొదుపు దాచుకున్న సహోద్యోగులు నాకు ఉండేవారు. వారి డబ్బు బ్రిటన్ ప్రభుత్వం చెల్లించి, ఆ మొత్తాన్ని ఐస్‌లాండ్ నుంచి రాబట్టబోయింది. ఈసారి ఐస్‌లాండ్‌కు బెదిరించడానికి ఏమీ మిగలలేదు కనుక, 2010, 2011 ప్రజాభిప్రాయ సేకరణల్లో చెల్లింపు ఒప్పందాలను తిరస్కరించి, చివరికి 2013లో ఎఫ్టా (ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘం) న్యాయస్థానంలో నెగ్గింది.

ఇక ఎస్టోనియా విషయం. అక్కడి తాపా స్థావరంలో 2017 నుంచి బ్రిటన్ నేతృత్వంలో నాటో దళం ఉంది. దాన్ని పంపించేస్తామని ఎస్టోనియా ప్రభుత్వం ఎవరినీ బెదిరించలేదు, ఎందుకంటే ఆ దళం అక్కడ ఉండాలన్న అవసరం అందరికంటే ఎక్కువగా ఎస్టోనియాకే ఉంది.