పెరటి గోంగూర, ఫుట్‌బాల్ స్టైపెండ్: ఒకే ఇంటి లెక్క

ప్రశ్న: నమస్తే అండీ. మేం డాలస్‌కు ఉత్తరాన ఉంటాం. మావారు తొమ్మిదో ఏట గుంటూరు నుంచి అమ్మానాన్నలతో ఇక్కడికొచ్చారు. హైస్కూల్లో ఆల్జీబ్రా చెప్తారు, ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్లకు (విసిరిన బంతిని పరుగెత్తి పట్టేవాళ్లకు) కోచ్. జీతం 66,000, కోచింగ్ స్టైపెండ్ 6,000. నేను డెంటల్ ఆఫీసులో బిల్లింగ్ చేస్తాను, 31,000 వస్తుంది. ఇప్పుడు తూర్పు టెక్సస్‌లో, రెండు గంటల దూరంలో ఉన్న ఓ చిన్న ఊరి స్కూలు ఆయన్ని ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా రమ్మంటోంది. జీతం 68,000, స్టైపెండ్ 14,000. ఆయన మనసంతా అటే ఉంది. నా మనసు పెరట్లో ఉంది. మూడేళ్లుగా గోంగూర, సొర, బీర, వంగ, టమాటా వేస్తున్నాను, కొంత అమ్ముతున్నాను. 9,000 పెట్టి గ్రీన్‌హౌస్ కట్టించి దీన్నే వ్యాపారంగా చేసుకుందామనుకున్నాను. ఇంటి లోను 2021లో 3 శాతానికి దొరికింది, పన్ను, ఇన్సూరెన్స్ కలిపి నెలకు 2,150. బ్యాంకులో 21,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 6,400 బాకీ, వడ్డీ 24 శాతం. పిల్లలిద్దరు, పదేళ్లు, ఆరేళ్లు. వెళ్లమంటారా? గ్రీన్‌హౌస్ వేయమంటారా? (పేరు వేయొద్దు)

జవాబు: మీ ఉత్తరాన్ని పైన కుదించి వేశాను. అంకెలన్నీ డాలర్లలోనే మాట్లాడుకుందాం. ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే ఆట అనుకునేవాళ్లకు ఒక్క మాట. ఇది అమెరికా వాళ్లు చేత్తో విసిరి, ఒకర్నొకరు గుద్దుకుంటూ ఆడే ఆట. బంతి మన జట్టు చేతిలో ఉన్నప్పుడు ఆడే పదకొండు మందిని ఆఫెన్స్ అంటారు. ఏ ప్లే (ముందే గీసుకున్న ఎత్తు) ఆడాలో ప్రతిసారీ చెప్పేవాడు కోఆర్డినేటర్. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది కాబట్టి, ఆ కుర్చీకి ఉన్న గౌరవం నాకు తెలుసు. అందుకే మీవారి కోరికను తేలిగ్గా తీసేయను.

మీరు రెండు ప్రశ్నలడిగారు గానీ నాకు ఒకటే కనిపిస్తోంది. అది మీ ఉద్యోగం. ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యమే రాశారు.

ముందు ఆఫర్ చూద్దాం. పైకి చూస్తే 10,000 ఎక్కువ. అందులో టీఆర్ఎస్‌కి 8.25 శాతం, అంటే 825 పోతుంది. (ఇక్కడ టీఆర్ఎస్ అంటే పార్టీ కాదు, టెక్సస్ టీచర్ల పింఛను సంస్థ.) రిటైరైన టీచర్ల ఆరోగ్య బీమాకు 65, మెడికేర్‌కు (ప్రభుత్వం నడిపే వృద్ధుల ఆరోగ్య బీమాకు) 145. ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ మీ ఇద్దరికీ కలిపి 12 శాతం శ్లాబులోనే ఉంటుంది, అది 1,100. రాష్ట్రానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. చేతికొచ్చేది ఏడాదికి దాదాపు 7,860.

మీ 31,000లో పన్నులన్నీ పోను ఇంటికొచ్చేది 24,900. ఆ చిన్న ఊళ్లో మీకు ఉద్యోగం దొరక్కపోతే 7,860 కోసం 24,900 వదులుకున్నట్టే. ఒకవేళ 24,000 జీతానికి ఏదో దొరికిందనుకుందాం. అప్పుడూ మీ వైపు నుంచి ఏడాదికి 5,600 తగ్గుతుంది.

ఇక ఇల్లు. 3 శాతం లోను ఇప్పుడు ఎవరూ ఇవ్వరు, తొందరపడి అమ్మకండి. మొదటి ఏడాది అక్కడ అద్దెకుండండి, ఇక్కడి ఇల్లు అద్దెకివ్వండి. ఆ ఊళ్లో 1,700కు ఇల్లు చూశామని, మీ ఇంటికి 2,500 అద్దె వస్తుందని రాశారు. బాగానే ఉంది గానీ, మీరు ఆ ఇంట్లో ఉండటం మానేస్తే హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే సొంతింట్లో ఉండేవాళ్లకిచ్చే ఆస్తి పన్ను తగ్గింపు, పోతుంది. స్కూలు పన్ను లెక్కలో 2025 నుంచి ఇంటి విలువలో 1,40,000 తీసేస్తున్నారు, ఆ తీసివేత ఉండదు. పన్ను కోసం ఏటా 10 శాతానికి మించి ఇంటి విలువ పెంచకూడదన్న కట్టడి కూడా ఆ మినహాయింపుతోనే పోతుంది. అద్దె ఇంటికి ఇన్సూరెన్స్ కూడా ఎక్కువే. 2,150 కాస్తా 2,350 అవుతుందనే వేసుకున్నాను. ఒక నెల ఖాళీ, రిపేర్లకు 2,500 అనుకుంటే ఆ ఇంటి మీద ఏడాదికి 3,200 చేతినుంచి పెట్టుకోవాలి. అక్కడి అద్దె 20,400తో కలిపితే 23,600. ఇప్పుడు ఇంటికి పెడుతున్నది 25,800. కాబట్టి 2,200 మిగులు.

కూడితే ఇలా తేలింది. ఆయన వైపు 7,860 ఎక్కువ, మీ వైపు 5,625 తక్కువ, ఇంటి మీద 2,200 మిగులు. సామాన్లు తరలించడానికి 3,000, పెరటి ఆదాయం ఆగిపోయి 1,370 (ఆ అంకె ఎక్కడిదో కింద చెప్తాను). మొదటి ఏడాది చివరికి మిగిలేది 65 డాలర్లు. తప్పు చదవలేదు, అరవై అయిదే. మీకు ఉద్యోగం దొరక్కపోతే మాత్రం 19,000కు పైగా లోటు.

అరవై అయిదు డాలర్ల లాభానికి మనిషి తనకిష్టమైన పని చేయొచ్చు, దానికి నేను అడ్డుపడను. పంతొమ్మిది వేల లోటు సంగతి వేరు, మీ పొదుపు ఒక్క ఏడాదిలో ఊడ్చుకుపోతుంది. కాబట్టి మీవారు ఊ అనకముందు మీకు అక్కడ ఉద్యోగం చేతిలో ఉండాలి. ఇప్పటి ఆఫీసునే ఇంటి నుంచి బిల్లింగ్ చేయనిస్తారేమో అడిగారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు.

స్టైపెండ్ గురించి ఇంకో మాట. చాలామంది దాన్ని జీతంలో కలిపేసుకుని కారు లోను తీసుకుంటారు. మా నాన్న మిర్చి వేసేవాడు. బస్తాలు యార్డులో అమ్ముడై డబ్బు చేతికొచ్చేదాకా ఆ సొమ్ము లెక్కలో రానిచ్చేవాడు కాదు. కోచింగ్ డబ్బు కూడా ఆ జాతిదే. హెడ్ కోచ్ మారితే కొత్తాయన తన కోఆర్డినేటర్‌ని వెంట తెచ్చుకుంటాడు. రెండు సీజన్లు ఓడితే హెడ్ కోచ్ మారతాడు. మీవారు ప్లేలు ఎంత బాగా గీసినా, ముందు వరసలో అడ్డు నిలిచే ఇద్దరు పిల్లలకు మోకాళ్లు దెబ్బతింటే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) నేల మీదే ఉంటాడు.

అందుకే కాంట్రాక్టు కాగితం చూడాలి. టెక్సస్‌లో రెండు రకాలుంటాయి. కొన్ని స్కూలు డిస్ట్రిక్టులు (స్కూళ్లను నడిపే స్థానిక సంస్థలు) టీచింగ్‌కు ఒక కాంట్రాక్టు ఇచ్చి, కోచింగ్‌ను విడిగా అదనపు డ్యూటీ కింద చూపిస్తాయి. అప్పుడు కోచింగ్ ఎప్పుడైనా తీసేయొచ్చు, కానీ టీచర్ ఉద్యోగం నిలుస్తుంది. కొన్ని రెండూ కలిపి ఒకే కాంట్రాక్టు ఇస్తాయి. అందులో కోచింగ్ వదిలితే టీచింగ్ కూడా వదిలినట్టే. మీవారికి ఏది ఇస్తున్నారో హెచ్ఆర్‌ని రాతలో అడగమనండి. ఇంకోటి, ఇప్పుడున్న స్కూలుకు రాజీనామా ఇవ్వడానికి గడువుంది. పాఠాలు మొదలయ్యే రోజుకు 45 రోజుల ముందు వరకే ఇబ్బంది లేకుండా తప్పుకోవచ్చు, ఆ తర్వాతైతే టీచర్ సర్టిఫికెట్ మీదకు రావచ్చు.

"స్టైపెండ్ పెరిగితే పింఛను కూడా పెరుగుతుంది కదా" అని మీవారు అన్నారట. టీఆర్ఎస్ పింఛను అంటే సర్వీసు ఏళ్లను 2.3 శాతంతో గుణించి, అత్యధిక జీతం వచ్చిన అయిదేళ్ల సగటుతో గుణించడం. ముప్పై ఏళ్ల సర్వీసుకు అది 69 శాతం. ఆయనకిప్పుడు 38. అత్యధిక జీతం వచ్చే అయిదేళ్లు మామూలుగా చివర్లోనే ఉంటాయి. యాభై దాటాక కూడా ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ప్రత్యర్థి జట్టు వీడియో చూసే ఓపిక ఉంటేనే ఈ స్టైపెండ్ పింఛనులో కనిపిస్తుంది. ఇప్పటి 14,000కు దాంతో సంబంధం లేదు. హైస్కూల్ నుంచి కాలేజీకి ఎగబాకినవాళ్లు లేకపోలేదు. లేక్ ట్రావిస్ హైస్కూల్ కోచ్ చాడ్ మోరిస్ 2010లో టల్సా యూనివర్సిటీకి, మరుసటి ఏడాదే క్లెమ్సన్‌కు కోఆర్డినేటర్‌గా వెళ్లాడు. ఆశ పెట్టుకోండి, బడ్జెట్‌లో మాత్రం రాయకండి.

ఇది ఎవరూ అడగరు గానీ నేనే చెప్తున్నాను. టెక్సస్‌లో చాలా స్కూలు డిస్ట్రిక్టులు సోషల్ సెక్యూరిటీ (ఫెడరల్ ప్రభుత్వ పింఛను పథకం) కట్టవు, మీవారి పే స్లిప్పులో కూడా అది లేదు. ఆయనకేమైనా అయితే ఈ ఉద్యోగం తరఫున పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చేదేమీ ఉండదు. ఇరవై ఏళ్లకు 7,50,000 టర్మ్ పాలసీ తీసుకోండి. వెళ్లినా, ఉన్నా, ఈ నెలలోనే.

ఇప్పుడు పెరడు. మీరు పంపిన నోటుపుస్తకం పేజీల ఫోటోలు రెండుసార్లు చూశాను. పసుపు మరకల మధ్య "గోంగూర కట్ట 3", "సొర 4, ఒకటి పుచ్చు, డబ్బు తీసుకోలేదు" అని రాసుకున్నారు. కిందటేడు మొత్తం అమ్మకం 2,300. నీళ్ల బిల్లు పెరిగింది 240, మట్టి, కంపోస్టు 520, విత్తనాలు, కప్పులు 170. మిగిలింది 1,370. కార్డు బాకీ మీద ఏడాది వడ్డీ ఎంతో తెలుసా? 1,536. ఎండలో మీరు పడ్డ కష్టమంతా ఆ వడ్డీకే చాల్లేదు. కాబట్టి మొట్టమొదటి పని, పొదుపులోంచి 6,400 తీసి ఈ వారమే కార్డు కట్టేయండి. చేతిలో 14,600 ఉంటుంది, ప్రస్తుతానికి అది చాలు.

ఆ పేజీల్లో మీరు గమనించని సంగతొకటి ఉంది. 2,300లో 1,450 కూరగాయలవి కాదు. మార్చి, ఏప్రిల్‌లో ఆరు వారాలు కప్పు 5 లెక్కన అమ్మిన నారువి. వంగ, టమాటా, గోంగూర నారు. మిగతా ఆర్నెల్లు మండుటెండలో నిలబడి తెచ్చింది 850. రాత్రిళ్లు కూడా 75 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగని జూలైలో టమాటా పూత నిలవదని మీకు నాకన్నా బాగా తెలుసు. డాలస్ నల్లమట్టి మన రేగడిలాంటిదే, తడిస్తే జిగట, ఎండితే బీటలు. అందుకే చెక్క మడులు కట్టించారు, ఆ డబ్బు అయిపోయింది, దాని గురించి ఇక ఆలోచించొద్దు. అయితే ఆ ఎండలో గ్రీన్‌హౌస్ వేసవిలో పొయ్యిలా ఉంటుంది, అక్కరకొచ్చేది చలికాలంలోనే. 9,000 తిరిగి రావడానికి ఇప్పటి లాభంతో ఆరున్నరేళ్లు, అదీ మీ కష్టానికి కూలి లేకుండా. నేనైతే వేయను. దాని బదులు గరాజ్‌లో రెండు అరలు, లైట్లు, నారు ట్రేలు, 500 లోపు పెట్టి నారు రెట్టింపు చేయండి.

కానీ ఆ నారు కొనేది ఎవరు? గుడి దగ్గర, పిల్లల డాన్సు క్లాసు దగ్గర కలిసే మన వాళ్లు. ఆ చిన్న ఊళ్లో గోంగూర నారు ఎవరు కొంటారు? వెళ్తే ఈ వ్యాపారం ఇక్కడే ఆగిపోతుంది. అందుకే ఆ 1,370ని వెళ్లే ఖర్చులో కలిపాను.

పన్ను సంగతి. డబ్బు జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సేవ)లో తీసుకున్నాం, పన్ను ఫారమేమీ రాలేదు అని రాశారు. ఫారం రాకపోయినా ఆదాయం ఆదాయమే. లాభం 400 దాటితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఉంటుంది. మీ 1,370 మీద అది 194, ఇన్‌కమ్ ట్యాక్స్‌తో కలిపినా 350 లోపే. వ్యవసాయ ఆదాయానికుండే షెడ్యూల్ ఎఫ్ ఫారంలో చూపించండి. ఇంట్లో వండుకున్న కూరగాయల మీద పన్ను లేదు, వాటి ఖర్చు చూపించకూడదు కూడా. ముక్కలు కోయని పచ్చి కూరగాయలు అమ్మడానికి టెక్సస్‌లో ఆహార లైసెన్సు అక్కర్లేదు. మొక్కలకు మాత్రం రాష్ట్ర వ్యవసాయ శాఖ నర్సరీ లైసెన్సు ఇస్తుంది, మీ నారు ఏ తరగతిలోకొస్తుందో ఫోన్ చేసి అడగండి. కరివేపాకు మొక్కలు ఒక్లహోమా స్నేహితురాలికి పంపానన్నారు, అది మానేయండి. నిమ్మజాతి చెట్లను పాడుచేసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కాబట్టి రాష్ట్రం దాటించడంపై ఫెడరల్ ఆంక్షలున్నాయి. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి అమ్మకం వరకు పేచీ లేదు. ఇది చదివే హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే వీసా) వాళ్లలో వర్క్ పర్మిట్ లేనివాళ్లు మాత్రం, కట్ట గోంగూరైనా సరే, అమ్మే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.

ఒకవేళ వెళ్లి, అక్కడ కుదురుకుంటే ఇక్కడి ఇల్లు అమ్మడానికి మూడేళ్ల వరకు సమయముంది. అమ్మిన రోజుకు ముందు అయిదేళ్లలో రెండేళ్లు మీరు అందులో ఉండుంటే దంపతులకు 5,00,000 వరకు లాభం మీద పన్ను ఉండదు, అద్దెకిచ్చిన కాలానికి చూపిన తరుగుదల మీద తప్ప. మూడేళ్లలో ఆ హెడ్ కోచ్ ఉంటాడో ఊడతాడో కూడా తేలిపోతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ ఆట మొదలవకముందే తొలి ప్లేలు వరసగా రాసిపెట్టుకునేవాడని మీవారికి నేను చెప్పక్కర్లేదు. మీ ఇంటి వరస ఇది: కార్డు, టర్మ్ పాలసీ, హెచ్ఆర్‌కు ఈమెయిల్, మీ ఆఫీసులో ఇంటి నుంచి పని గురించి అడగడం, ఆ ఊరి డెంటల్ ఆఫీసులకు దరఖాస్తులు. హెచ్ఆర్ జవాబొచ్చాక నాకు పంపండి, కాంట్రాక్టు నేనూ చదువుతాను. వెళ్లినా వెళ్లకపోయినా ఈ మార్చికి ఇక్కడే ఉంటారు కాబట్టి వంగ నారు రెండు కప్పులు నాకు తీసిపెట్టండి. పది డాలర్లు ఇచ్చే తీసుకుంటాను, పుస్తకంలో రాసుకోండి.