తండ్రి కాబోతున్న మా చిన్నోడికి

చిన్నోడా,

కోడలికి ఏడో నెల అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. మేస్త్రి దగ్గర దీపావళి అడ్వాన్స్ తీసుకుంటున్నావని కూడా చెప్పింది. అది మాత్రం పట్టకు. అడ్వాన్స్ పట్టినోడు ఉగాది దాకా సైట్ వదల్లేడని నీకు తెలియంది కాదు. ఈ సీజన్‌కు హైదరాబాద్‌లో రోజుకూలీల అడ్డా మీదే నిలబడు. కూలి ఒకరోజు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు. కానీ కాన్పు కబురు రాగానే బస్సెక్కొచ్చు.

మీ తాత నాగార్జునసాగర్‌లో రాళ్లు మోశాడు. 1955లో పునాదిరాయి పడితే 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యలో ఇంటి దగ్గర మేం ఎప్పుడు నడిచామో, ఎప్పుడు మాటలు నేర్చామో ఆయనకు తెలియదు. మీ నాయిన కూలికి పోయింది బొంబాయి, పుణె. పీర్ల పండక్కి వస్తే నువ్వు కొత్త మనిషిని చూసినట్టు అమ్మ కొంగు వెనక దాక్కునేవాడివి. వాడికది నామోషీ. రెండోరోజుకే ఏదో వంకతో నిన్ను కొట్టేవాడు. ఇంట్లోకి మగోడొచ్చాడని తెలియాలి కదా! వాడు చెడ్డోడు కాదు. డబ్బు తేవడం, గద్దించడం, ఆ రెండే మీ తాత దగ్గర చూశాడు.

తొలికాన్పు కాబట్టి కోడలు తల్లిగారింట్లోనే ఉంటుంది. పురుడు రోజు బట్టలు పెట్టి, కల్లు తాగి వచ్చేయడం మనోళ్ల అలవాటు. నువ్వు ఆదివారం ఆదివారం పో. అల్లుడొచ్చాడని కోడి కొయ్యొద్దని ముందే చెప్పు, లేకపోతే నాలుగో వారానికి వాళ్లకు బరువైపోతావు. బిడ్డకు మీ అత్త నీళ్లు పోసేటప్పుడు పక్కన కూర్చుని చూడు. కొన్నాళ్లకు నువ్వే నీళ్లు పొయ్యి. కాళ్లు చాపి పడుకోబెట్టుకో, మెడ కింద చెయ్యి తియ్యకు. మా మనవరాలికి నేనే పోశాను, అదేం బ్రహ్మవిద్య కాదు. సిమెంటుకు నీ చేతులు గరుకెక్కి ఉంటాయి, ముందు రాత్రే కొబ్బరినూనె రాసుకో.

6, 10, 14 వారాల టీకా సూదులకు బిడ్డను నువ్వే ఎత్తుకుపో. ఆ రాత్రి జ్వరం రావొచ్చు, ఏడుస్తుంది. భుజాన వేసుకుని తిరుగు, కోడల్ని పడుకోనీ. ఆడోళ్ల పని చేస్తున్నాడని వాడకట్టులో నవ్వుతారు. నవ్వనీ, ఎన్నాళ్లు నవ్వుతారు?

ఇంకోమాట. ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినోళ్లకు లేబర్ కార్డు ఇస్తారు. కోడలూ నీతో సైట్లో సిమెంటు మాల్ మోసింది కదా, ఆమెకు వేరే కార్డు లేకపోతే ఇప్పుడే పెట్టించు. ఆ కార్డు మీద వచ్చే కాన్పు డబ్బు ఆమె ఖాతాలోనే ఉండనీ. ఆధార్, పాస్‌బుక్ జిరాక్స్‌లు తీసుకుని ఈ సోమవారమే లేబర్ ఆఫీసుకు పోండి.

మీ పెద్దనాయిన
నారాయణపేట