చుక్కలు కట్టే ప్రోటీన్లు, నలభై వేల సర్టిఫికెట్

పరకాల నుంచి ఒక తండ్రి రాశారు: బిడ్డ హన్మకొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం, అమైనో ఆమ్లాల వరుస చూసి ఏ ప్రోటీన్ చుక్కలుగా విడిపోతుందో కంప్యూటర్‌తో చెప్పే ప్రాజెక్టు చేస్తానంటోంది, ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నలభై వేలు కడితే చేయించి సర్టిఫికెట్ ఇస్తామన్నారు, కట్టాలా?

వద్దన్నా. కట్టకండి.

సబ్జెక్టు మాత్రం మంచిదే పట్టింది. పచ్చిపులుసులో పోపు వేస్తే నూనె చుక్కలుగా తేలుతుంది కదా, కణంలో కొన్ని ప్రోటీన్లూ దాదాపు అలాగే విడిపడి చుక్కలు కడతాయి. 2009లో ఒక నులిపురుగు కణాల్లో దీన్ని చూపించాక ఈ రంగం ఊపందుకుంది. ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్‌లో కొన్ని మార్పులొస్తే ఆ చుక్కలు త్వరగా గట్టిపడతాయి, ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుతో దానికి సంబంధం ఉంది, అందుకే మందుల కంపెనీలూ దీన్ని గమనిస్తున్నాయి.

చిక్కు ఒక్కచోటే. కంప్యూటర్ మోడల్‌కు చుక్కలు కట్టేవీ, కట్టనివీ రెండూ చూపించి నేర్పాలి. చుక్కలు కట్టే ప్రోటీన్ల జాబితాలు ఎల్‌ఎల్‌పీఎస్‌డీబీ, ఫేజ్‌సెప్‌డీబీ అనే ఆన్‌లైన్ డేటాబేసుల్లో ఉచితంగా దొరుకుతాయి, కట్టనివాటికి నమ్మదగ్గ జాబితా దొరకడమే కష్టం. దాంతో చక్కగా మడతపడిన ప్రోటీన్లను తెచ్చి 'కట్టనివి' అని పెట్టేస్తారు, మోడల్‌కు మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, కానీ చుక్కలు కట్టేవి ఎక్కువగా మడతలేని వదులు ప్రోటీన్లే కాబట్టి అది నేర్చుకున్నది ఏది వదులుగా ఉంది, ఏది మడతపడి ఉంది అన్నదే! పైగా ఉప్పు, వేడి, గాఢత మారితే అదే వరుస ఒకసారి చుక్కలు కడుతుంది, ఒకసారి కట్టదు. ఇంటర్వ్యూలో తెలిసినవాళ్లు పట్టుకునేది ఇక్కడే.

సెలవుల్లో బిడ్డను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోనివ్వండి. యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్ నుంచి వరుసలు దించుకుని టైరోసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వదులుగా ఉండి కూడా చుక్కలు కట్టనివాటిని పేపర్లు చదివి ఏరమనండి. ఇరవై దొరికినా అది తన సొంత పని. పైసా ఖర్చు లేదు, ల్యాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్ తెరిస్తే సరిపోతుంది.

బీఎస్సీతోనే ఈ లైన్‌లో ఉద్యోగం వస్తుందని మాత్రం అనుకోకండి. ఎమ్మెస్సీ తప్పదు, దానికి ఐఐటీ జామ్, గ్యాట్-బి లాంటి ప్రవేశ పరీక్షలు రాయాలి. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, పీహెచ్‌డీకి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. మొత్తం ఏడెనిమిదేళ్లు. సంబంధాలు వస్తున్నాయని కూడా రాశారు, అన్నేళ్లు ఆగగలరో లేదో ముందు ఇంట్లో తేల్చుకోండి, ఆ టెన్షన్ నెత్తిన పెట్టి చదవమంటే ఏ పిల్లా చదవలేదు.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే బిడ్డకే ఇవ్వండి. "చుక్కలు కట్టని ప్రోటీన్లు ఎక్కడి నుంచి తెస్తారు సార్?" అని అడగమనండి.