పులస మనకే దగ్గర చుట్టం

ధవళేశ్వరం

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. బ్యారేజీ గట్టు మీద కూర్చుని ఒకసారి, ఇంటికొచ్చి ఇంకోసారి చదివాను. దవడలు లేని చేపల ఇమ్యూనిటీ గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే సగం మార్కులు వేసేశాను. మిగతా సగం గురించి ఈ ఉత్తరం.

పులసతో ఎత్తుకున్నావు. నోరూరింది, వెంటనే అనుమానమూ వచ్చింది. వరద గోదారి ఎర్రబడగానే పులస సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వస్తుంది. అట్లాంటిక్‌లో తిరిగే, దవడలు లేని సీ లాంప్రే కూడా గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎగబాకుతుంది. అందుకని రెండూ అక్కచెల్లెళ్లు అనేశావు. ప్రయాణం వరకూ నిజమే. చుట్టరికం మాత్రం తప్పు. పులసకి దవడలున్నాయి, మనకీ ఉన్నాయి. దవడలున్నవాళ్ల వంశం, లేనివాళ్ల వంశం వేరుపడి దాదాపు 50 కోట్ల ఏళ్లయింది. ఆ లెక్కన పులస లాంప్రే కంటే మనకే దగ్గర చుట్టం. దాని ఒంట్లో తిరుగుతూ రోగక్రిముల్ని పట్టుకునే యాంటీబాడీ అనే ప్రొటీను కూడా మన యాంటీబాడీ వంశానిదే. 'చేప' అన్న మాట వంటింట్లో సరిపోతుంది గానీ నీ వ్యాసంలో సరిపోదు. అలాగని పులసని తీసెయ్యకు. దాన్ని మన పక్కన కూర్చోబెట్టి రాయి. గోదారి వాడెవడైనా అక్కడ ఆగి చదువుతాడు.

రెండో పేజీలో 'లాంప్రేకి ఇంకా యాంటీబాడీలు పుట్టలేదు' అన్నావు. ఆ 'ఇంకా' కొట్టెయ్. అది మన వెనకాల వరసలో నిలబడి టికెట్ కోసం ఎదురుచూడటం లేదు కదా! పరాయి చర్మం అతికిస్తే లాంప్రే ఒప్పుకోదనీ, సూక్ష్మజీవులు ఎక్కిస్తే వాటిని పట్టుకునేదేదో దాని రక్తంలో పుడుతుందనీ 1960లలోనే చూశారు. ఎంత వెతికినా మన యాంటీబాడీ జన్యువు మాత్రం దొరకలేదు. 2004లో జీవ్ పాన్సర్, మాక్స్ కూపర్ బృందం లాంప్రే పిల్లలకి యాంటిజన్లు, అంటే ఒళ్లు పరాయివని గుర్తుపట్టే పదార్థాలు, ఎక్కించి, వాటి తెల్లకణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూస్తే, బయటపడింది వేరే ప్రొటీను. పరాయిదాన్ని పట్టుకునే, కణానికో రకంగా మారే ఆ ప్రొటీనుకి వేరియబుల్ లింఫోసైట్ రిసెప్టర్ అని పేరు పెట్టారు, పొట్టిగా వీఎల్ఆర్. ఈ కూపర్ ఎవరనుకున్నావు? యాంటీబాడీలు చేసే కణాలు కోడి తోక దగ్గరుండే బర్సా అనే సంచి మీద ఆధారపడతాయని 1960లలో తేల్చినవారిలో ఒకరు. బి-కణంలో 'బి' ఆ బర్సాదే. సంక్రాంతికి పందెం కట్టడం తప్ప కోడి గురించి ఇంకేమీ పట్టని మనవాళ్లకి ఈ ముక్క చెప్పు, నీ వ్యాసం వదలరు.

ఇప్పుడు అసలు సంగతి, ఆకారం. వై అక్షరం బొమ్మ వేసి 'లాంప్రే యాంటీబాడీ' అని కింద రాశావు. ఆ వై మన యాంటీబాడీది. అది ఇమ్యునోగ్లోబ్యులిన్ మడత అనే ఒక రకం ప్రొటీను మడతలతో తయారవుతుంది. వీఎల్ఆర్‌లో ఆ మడత ఒక్కటి కూడా లేదు. ప్రొటీన్లకి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు, వాటిలో లూసిన్ అనేది ఎక్కువగా ఉండే సుమారు 24 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి, చిన్న చిన్న తేడాలతో మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక్కో ముక్క ఒక్కో చుట్టు. కొబ్బరి తాడుని వేలికి దగ్గర దగ్గరగా చుట్టి, వేలు తీసేసి, ఆ చుట్టని కాస్త వంచి చూడు. అదే ఆకారం. లూసిన్లు నీటికి మొహం చాటేసి చుట్టు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, గట్టిదనం అక్కణ్ణుంచి వస్తుంది. రెండు కొసల్లోనూ మూతలుంటాయి. మధ్య చుట్టులు ఒక రిసెప్టర్‌లో తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ.

ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని గుర్రపు నాడా అంటాయి. నువ్వు కొడవలి అన్నావు. ఎందుకన్నావో నీకు తెలిసినట్టు లేదు గానీ బాగా అన్నావు. కొడవలి కోసేది లోపలి వంపుతోనే కదా. వీఎల్ఆర్ కూడా పట్టుకునేది ముఖ్యంగా లోపలి వంపుతోనే, మారే అమైనో ఆమ్లాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. చివరి మూత నుంచి ఒక లూప్ బయటికి పొడుచుకొచ్చి సాయం చేస్తుంది. 2008లో ఒక వీఎల్ఆర్ మన ఓ గ్రూపు రక్తకణాల మీదుండే చక్కెరని పట్టుకున్న స్ఫటిక నిర్మాణం, అంటే అణువుల అమరిక బొమ్మ, వచ్చింది. ఆ చక్కెర సరిగ్గా వంపుకీ లూప్‌కీ మధ్య ఇరుక్కుని ఉంది. 2009లో కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ప్రొటీనుని పట్టుకున్న నిర్మాణం వచ్చింది. ఈ రెండు ఉదాహరణల మీదే ఒక పేజీ నడపొచ్చు. నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

జన్యువు కూర్పు మీద మాత్రం మూడు పేజీలు రాశావు. ఒక పేరా చాలు: అసలు జన్యువు సగం కట్టి వదిలేసిన ఇల్లులా ఉంటుంది, పక్కనున్న వందల ముక్కల్లోంచి కొన్నిటి నకళ్లు తెచ్చి కణమే దాన్ని పూర్తి చేసుకుంటుంది, కణానికో రకంగా. మన కణాలు డీఎన్ఏని కోసి అతికిస్తాయి, లాంప్రే కణాలు నకలు తీస్తాయి. వీఎల్ఆర్‌లు ఒకటి కంటే ఎక్కువ రకాలున్నాయనీ, వాటిలో బి రకం ఎనిమిదో పదో కలిసి గుత్తిగా రక్తంలోకి వస్తుందనీ చెబితే సరి.

నా తప్పు ఒకటి చెబుతాను, నవ్వకు. పాతికేళ్ల కిందట ఒక పత్రికలో రొయ్యకి కూడా యాంటీబాడీలు పుడతాయని రాసేశాను. భీమవరం వైపు నుంచి ఒక చెరువు రైతు ఫోన్ చేసి, 'అయితే రొయ్యల వైట్ స్పాట్ జబ్బుకి టీకా ఎక్కడ దొరుకుద్దండీ?' అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రొయ్యకి యాంటీబాడీలూ లేవు, వీఎల్ఆర్‌లూ లేవు. క్రిముల్ని పసిగట్టడానికి దానికున్న టోల్ రిసెప్టర్లలో మాత్రం ఇవే లూసిన్ చుట్టులున్నాయి, మన టోల్ రిసెప్టర్లలోనూ ఉన్నాయి. అవి తల్లిదండ్రుల నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి. ఆ పాత సరుకునే కణానికో రకంగా మార్చుకోవడం లాంప్రే చేసిన పని. నీ వ్యాసంలో ఇది లేదు. చేర్చు.

మాటల గురించి. 'లూసిన్ బాహుళ్య పునరావృత ఖండం' చదివి పిన్ని నా వైపు జాలిగా చూసింది. లూసిన్ ముక్క అను, చాలు. గ్రాహకం అని ఒకసారి చెప్పి, ఆ తర్వాత హాయిగా రిసెప్టర్ అను. అంతా విన్నాక పిన్ని అడిగింది ఒక్కటే: 'దవడలు లేకపోతే అది ఎలా తింటుందండీ?' పదకొండు పేజీల్లో దానికి జవాబు లేదమ్మా. గుండ్రటి నోరు, నోటి నిండా పళ్లు, ఇంకో చేపకి జలగలా అతుక్కుని రక్తం తాగుతుందని నేనే చెప్పాను. 'ఛీ' అంది గానీ, కుర్చీ దగ్గరికి లాక్కుంది. నీ రెండో పేరా అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

మార్చి పంపు, తొందరేం లేదు. వచ్చేటప్పుడు నాకు పూతరేకులు తేకు, షుగరు. పిన్నికి మాత్రం రెండు పెట్టెలు.

మీ బాబాయి